వంపు

చీకటి పడింది. మిర్యాలగూడ ఆఫీసులో సుకన్య, డ్రోన్‌తో పొలాలకు మందు కొట్టే నగేష్ ఫోన్‌లోంచి ఫ్లైట్ లాగ్‌లను కంప్యూటర్‌లోకి ఎక్కిస్తోంది. తెర మీద డ్రోన్ తిరిగిన గీతలు సాళ్లలా తిన్నగా ఉన్నాయి. ఒక్కో లాగ్‌లో ఒక్కచోట మాత్రం, నిలబడ్డ మనిషిని తప్పించుకున్నట్టు వంపు.

నడిగూడెంలో ఆ వంపు అవతలి గట్టు దగ్గర ఉంది. పెద్దవూరలో పొలం నడుమ. నిన్న దామరచర్లలో, నగేష్ నిలబడ్డ చోటికి పక్కనే.

"గాడ ఎవరున్నర్రా?"

"ఎవ్వరు లేరక్కా. మందు కొట్టేటప్పుడు ఎవ్వర్ని రానియ్యం," అన్నాడు నగేష్, గుమ్మంలోంచి.

ఇవాళ్టి లాగ్ తెరిచింది. ఎక్కడా వంపు లేదు. ఊపిరి పీల్చుకుని, "ఇటొచ్చి సూడు," అంది.

ఖాళీ గది మధ్యలో నగేష్ ఒక్కచోట వంపు తిరిగి వచ్చాడు.

"అట్ల సుట్టు తిరిగొచ్చినవేందిరా?"

"సీదాగనే వచ్చిన గదక్కా."