తలుపు వెనక వేషం

“నువ్వు లోపలికెళ్ళి తలుపేసుకో. మమ్మల్ని తరిమేసేది నువ్వే,” అంది అత్తగారు కోడలితో. ఇంటింటికీ వెళ్ళి సువార్త చెప్పడం ఎలాగో నేర్చుకుందామని చర్చి వెనక గదిలో చేరిన ఆడవాళ్ళ ముందే అంది. “నీకైతే నటించే పని కూడా లేదుగా!”

అందరూ నవ్వారు. హిందువుల ఇంటినుంచి వచ్చి, బాప్తిస్మం తీసుకుని ఆరేళ్ళయినా ఈ వేషం కోడలిదే.

తలుపు చప్పుడైంది. తీస్తే, అత్తగారి మొహం నిండా నవ్వు.

“బాగున్నారా అమ్మా? మిమ్మల్ని ప్రేమించే దేవుడి గురించి రెండు మాటలు చెప్పి వెళ్దామని వచ్చామండీ.”

ఇంత మెత్తటి గొంతు కోడలు ఇంట్లో ఏనాడూ వినలేదు.

“ఆ దేవుణ్ణి నమ్ముకునే మీ ఇంటికొచ్చానండీ,” అంది. “నా కడుపు పోయిన రోజు, అన్యురాలి కడుపున ఏం నిలుస్తుందిలే అన్నారు మీరు. నన్ను మీలో కలుపుకోవడానికి ఇంకెన్నాళ్ళు పడుతుందండీ?”

ఆడవాళ్ళలో ఎవరో ముక్కు చీదుకున్నారు.

అత్తగారి నవ్వు చెక్కు చెదరలేదు. కరపత్రం కోడలి చేతిలో పెట్టి, ఆడవాళ్ళవైపు తిరిగింది.

“చూశారుగా? వాళ్ళు ఎన్నన్నా ఇలా నవ్వుతూనే రావాలి.”

తర్వాత కోడలితో అంది: “బాగా చేశావు. మళ్ళీ తలుపేసుకో. ఈసారి కాస్త ఏడువు.”