ఏడో చర్చిలో దీపం

పొద్దున్నుంచి ఊరూరా కారాపి ఆరు చర్చిల్లో గోడలమీది పాత బొమ్మలు చూసిన ఓర్నెల్లా, ఏడో చర్చి ముందు దిగేసరికి చీకటి పడింది. ఎదురింటి ఆర్జియా అవ్వ కిటికీలోంచే చర్చి తాళంచెవి అందించింది.

"ఇంకో దేవదూతను చూశానంటే నాకే రెక్కలొస్తాయి. నువ్వెళ్లు," అని భర్త తుల్లియో కారులోనే ఉండిపోయాడు.

లోపల ఆమె తడుముకుంటూ వెళ్లి, నాణెం వేస్తే గోడమీద దీపం వెలిగే పెట్టెలో ఒక యూరో వేసింది. అది ఠంగున పడింది. గోడంతా మెల్లగా బంగారు రంగు పరుచుకుంది. బొమ్మ కనిపించింది: పశువుల పాకలో పసిబిడ్డ, పక్కన వెలుగుతున్న కొవ్వొత్తికి చెయ్యి అడ్డుపెట్టిన ముసలామె. ఆ వేళ్ల సందుల్లోని ఎర్రటి వెలుగు చూసి ఓర్నెల్లాకు కళ్లు చెమర్చాయి. కాసేపటికి వెలుగు పోయింది.

అవ్వ టార్చితో ఆయాసపడుతూ వచ్చింది. "చెప్పడం మరిచాను తల్లీ! పెట్టెలో డబ్బులెయ్యకు. ఈస్టర్ నుంచీ వైర్లు తెగిపోయున్నాయి."

"ఇప్పుడే వెలిగిందమ్మా!"

అవ్వ టార్చి గోడమీదికి తిప్పింది. బొమ్మలో కొవ్వొత్తికి మంట లేదు. వత్తి నుంచి సన్నటి పొగ లేచి, గోడ వదిలి కప్పు వైపు సాగుతోంది.

అవ్వ చాలాసేపు దాన్నే చూసింది.

"అరవయ్యేళ్లుగా ఇక్కడ ఊడుస్తున్నాను," అంది మెల్లగా. "ఆ బొమ్మలో ఆమె నాకు ఒక్కసారైనా వెలిగించలేదు."