సైనికుల కళ్లు

ఆపరేషన్లు చేసిన చేతులు వణకడం మొదలయ్యాక, డాక్టర్ సుదర్శనరావు బల్ల మీద ఆడే యుద్ధాల ఆటకి వాడే ప్లాస్టిక్ సైనికుల ముక్కలను అతికించి రంగులేయడం పెట్టుకున్నాడు. బొటనవేలంత బొమ్మలు. కవచాలకు రంగు బాగానే వేసేవాడు. కళ్ల దగ్గరికొచ్చేసరికి బ్రష్షు చెదిరేది.

మధ్యాహ్నం ఆయన కునుకు తీసేటప్పుడు భార్య భ్రమరాంబ ఆ కళ్లను గుట్టుగా దిద్దేది. తెలిస్తే చిన్నబుచ్చుకుంటాడని భయం. దానికోసం ఆ వేళప్పుడు లైబ్రరీలో స్నేహితురాళ్లను కలవడం కూడా మానేసింది. కెనడాలోని ఓక్‌విల్‌లో మూడు చలికాలాలు అలాగే గడిచాయి.

ఇవాళ, ఆయన రంగులేసుకునే బేస్‌మెంట్‌లో మర్చిపోయిన ఫోన్ కోసం దిగుతూ మెట్ల మీదే ఆగిపోయింది. ఆయన ఒక సైనికుడికి రెండు కళ్లూ చక్కగా పెట్టాడు. చెయ్యి ఇసుమంతైనా వణకలేదు. రంగు ఆరకముందే వాటిని వేలితో చెరిపేశాడు.

"ఏమండీ, ఏం చేస్తున్నారు?"

ఆయన తలెత్తలేదు.

"టాబ్లెట్లకి వణుకు పోయినేడే తగ్గిపోయింది, భ్రమరా."

"మరి నాకు చెప్పలేదేం? ఇన్నాళ్లూ నేను కూర్చుని దిద్దుతున్నానే!"

"తెలుసు. కళ్లు నేనే పెట్టేస్తే మధ్యాహ్నాలు నువ్వు ఇంట్లో ఉంటావా?"

ఆయన ఇంకో సైనికుణ్ణి చేతిలోకి తీసుకున్నాడు.