ఒళ్లో చాట

రాత్రయింది. కోరుట్లలో మా వాడంతా సద్దుమణిగింది. ఒళ్లో చాట పెట్టుకుని కత్తెరతో బీడీల ఆకు కత్తిరిస్తుంటే, టాంజానియా నుంచి తోటికోడలు సుస్మిత వీడియో కాల్ చేసింది. మరిది అక్కడ పనికి కుదిరిన ఏడాదికే పెళ్లాన్ని తీసుకుపోయాడు. మా ఆయన ఇన్నేళ్లుగా దుబాయిలో ఉన్నా నాకు ఎయిర్‌పోర్టు గేటే చూపించాడు.

"అక్కా, గీ పార్కుల అన్నీ చెరువులే. గా నీటిగుర్రాలను సూడు!"

అక్కడింకా పొద్దు గుంకలేదు. ఎండిన గడ్డి, మెరిసే నీళ్లు, ఆమె మెడలో కొత్త గొలుసు. నా కడుపు మండిపోయింది. ఆ ఒడ్డున నేనుండాల్సింది.

అప్పుడు కనబడింది. సుస్మిత వెనక గడ్డిలో ఒకామె తల వంచుకుని కూర్చుంది. ఒళ్లో చాట. ఒంటి మీద నేను కట్టుకున్న ఆకుపచ్చ చీరే.

"నీ ఎనుక ఎవలున్నరు?"

సుస్మిత తిరిగి చూసింది. "ఎవ్వలు లేరక్కా. మీ మరిది జీపు కాడ ఉన్నడు, గంతే."

నా చేతులు ఆగిపోయాయి. కత్తెర చప్పుడు మాత్రం ఆగలేదు. అది ఫోన్లోంచి వస్తోంది.

గడ్డిలో ఆమె లేచి నిలబడింది. పరుగెత్తమని చెబుదామని నోరు తెరిచాను. సుస్మిత గొలుసు సర్దుకుని నవ్వింది.

"జరంత ఎనుకకు జరుగు సుస్మితా," అన్నాను. "నీటిగుర్రాలు కనవడ్తలేవు."

సుస్మిత వెనక్కి జరిగింది.

నేను చాటలోకి చూసుకున్నాను. ఆకు ఉంది, తంబాకు ఉంది. కత్తెర లేదు, నా చేతిలోనూ లేదు.