కొత్త ల్యాబ్ గాలి

“మళ్ళీ చచ్చాయి అత్తయ్యా,” అంది కోడలు, మైక్రోస్కోప్ మీంచి తల ఎత్తకుండానే.

డాక్టరమ్మ ప్రాణం ఉసూరుమంది. పిల్లలు లేనివాళ్ళ కోసం సొంత ఆస్పత్రి పెట్టాలని ఎన్నాళ్ళుగానో కలలు కంది. గోడలు లేచాయి, బల్లలు వచ్చాయి, బోర్డు కూడా రాయించింది. తీరా ల్యాబ్ దగ్గరికొచ్చేసరికి బండి కదలనంటోంది. పిండాలు పెరగాల్సిన గది అది. గోడల రంగు వాసన ఏ మూల మిగిలినా అవి బతకవు. అందుకే ఎవరి పిండాన్నీ ముట్టుకోకముందే గదికి ఓ పరీక్ష పెడతారు. కాస్త వీర్యాన్ని పోషక ద్రవంలో కలిపి, ఒంటి వేడితో ఉండే ఇంక్యుబేటర్ పెట్టెలో ఉంచుతారు. మర్నాటికి కణాలు హుషారుగా ఈదుతుంటే గది మంచిదని లెక్క.

బయటివాళ్ళను బతిమాలడం ఎందుకని శాంపిల్ కొడుకునే అడిగింది. ల్యాబ్‌కి ఏసీ, ఫిల్టర్లు బిగించిన ఇంజనీరూ అతనే.

“గాలి పనికీ నేనే, ఈ పనికీ నేనేనా?” అన్నాడు చిన్నా, చెవులు ఎర్రబడుతుంటే.

“సిగ్గేంట్రా, నీకు తల్లినే కాదు, డాక్టర్ని కూడా.”

తెచ్చిన వెంటనే చూస్తే కణాలు చేపపిల్లల్లా బిలబిలా తిరిగేవి. డాక్టరమ్మ మురిసిపోయేది. వాడికి పిల్లలు కలగడం లేదని తెలిసిన కొత్తలోనూ ఇలాగే ఒక్కసారి చూసి, వాడికేం ఫరవాలేదని తేల్చేసింది. ఆ తర్వాత పరీక్షలన్నీ కోడలికే. సూదులు, స్కాన్లు, మళ్ళీ సూదులు. ఏమీ బయటపడలేదు. అయినా లోపం ఆ పిల్లలోనే ఎక్కడో దాక్కుందని డాక్టరమ్మ మనసులో నాటుకుపోయింది. ఆ మాట ఎన్నడూ నోరు జారలేదు. జారనందుకు తనంత మంచి అత్త ఉండదని లోలోపల అనుకునేది కూడా. ల్యాబ్ తెరిచాక మొదటి కేసు కోడలిదే. ఒళ్ళో బిడ్డన్నా పడుతుంది, లేదా ఆ పిల్లలో లోపమేమిటో అన్నా తేలిపోతుంది.

ముందు రంగుని అనుమానించారు. తలుపులు బార్లా తీసి గదిని ఆరబెట్టారు. చచ్చాయి. ఫిల్టర్లు మార్చారు. చచ్చాయి. పోషక ద్రవం వేరే కంపెనీది తెప్పించారు. అయినా అంతే.

“నీ పనిలోనే ఏదో తేడా ఉందిరా,” అని డాక్టరమ్మ కొడుకుని కడిగేసింది. “పైపుల్లో జిగురు వాసన ఉండిపోయుంటుంది.”

“నా పనికి వంక పెట్టకమ్మా. ఆ పెట్టె మీదే నాకు నమ్మకం లేదు.”

కొడుకు మాట ఆమెకి ఇట్టే నచ్చింది. కంపెనీకి ఫోన్ చేసి దులిపేస్తే, మారు మాట్లాడకుండా మరో ఇంక్యుబేటర్ పంపారు.

“పాతదాన్ని కూడా పక్కనే ఉంచు. తేడా తెలుస్తుంది,” అంది కోడలితో.

“అలాగే అత్తయ్యా. ఈసారి ఆయన్తో పాటు మన వైరింగ్ చేసిన ఎలక్ట్రీషియన్ని కూడా అడిగాను. ఇస్తానన్నాడు. రెండు శాంపిళ్ళు ఉంటే మంచిది కదా.”

“నీ ఇష్టం. పెట్టె సంగతి తేలితే చాలు నాకు.”

మర్నాడు పొద్దున్నే డాక్టరమ్మ చెప్పులు విప్పి, టోపీ తగిలించుకుని లోపలికొచ్చింది. కోడలు రెండు స్లయిడ్లు సిద్ధంగా ఉంచింది. మొదటిది చిన్నా శాంపిల్. ఎంత వెతికినా ఒక్క కణమూ కదల్లేదు. రెండోది ఎలక్ట్రీషియన్‌ది. అందులో కన్ను ఆనడానికి సందు లేకుండా ఈదుతున్నాయి.

“అమ్మయ్య!” డాక్టరమ్మ కళ్ళు చెమర్చాయి. “అనవసరంగా వాణ్ని ఆడిపోసుకున్నాను. గది బంగారంలా ఉంది.”

“అవునత్తయ్యా. గదిలో ఏ తప్పూ లేదు.”

“ఆ పాత పెట్టెని ఇవాళే సాగనంపు. వచ్చేవారం నీతోనే మొదలుపెడదాం.” ఆమె కోడలి తల మీద చెయ్యి వేసింది. మనసు తేలికపడి, ఇన్నాళ్ళూ దాచుకున్న మాట కూడా పైకి వచ్చేసింది. “లోపం నీలో ఉందని తేలినా సరే, నిన్ను ఒక్క మాట అననమ్మా. భయపడకు.”

కోడలి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. సంతోషంతోనేననుకుంది డాక్టరమ్మ.

“రెండూ కొత్త పెట్టెలోనే పెట్టాను, అత్తయ్యా.”