ఐదు రోజుల తేడా

“ఎడమ చెయ్యి ఇలా ఇవ్వు బాబూ.”

పసుపు జెర్సీ కుర్రవాడు బల్ల మీదుగా చెయ్యి చాపాడు. నర్సు అతని మణికట్టు పట్టుకుని ఎముక తడిమింది. దానికి అర నిమిషం చాలు. ఆమె రెండు నిమిషాలైనా వదల్లేదు.

పన్నెండు దేశాల క్లబ్బులు ఆడే పదిహేనేళ్ళ లోపు పిల్లల ఫుట్‌బాల్ పోటీ అది. ఆసుపత్రి నుంచి వయసు తనిఖీకి వచ్చిన ఈ నర్సుకు రెండు రోజుల్లోనే ‘భూతద్దం’ అని పేరు పడింది. నిన్న ఒక్క పూటలో ముగ్గురిని ఇంటిదారి పట్టించింది మరి. ఈ కుర్రవాడు మరీ పొడుగున్నాడు, వయసు దాచాడని అవతలి క్లబ్బు ఫిర్యాదు.

కాగితంలో పుట్టిన ఊరు ఇదే. తేదీ జనవరి మూడు. ఆ ఏడాది జనవరి ఒకటికి ముందు పుట్టి ఉంటే ఇక ఆట లేదు, బ్యాగు సర్దుకోవడమే.

“తేదీ నీకెవరు చెప్పారు?”

“అమ్మ. ప్రతి పుట్టినరోజుకీ చెబుతుంది ఆంటీ. మొదటిసారి ఎత్తుకుంటే ఏడవలేదంట, తననే చూస్తూ ఉండిపోయానంట.”

నర్సు పెన్ను మూత తీసి మళ్ళీ పెట్టింది.

“చలికి దగ్గొస్తుందా?”

“చిన్నప్పుడు వచ్చేదంట.”

“ఇప్పుడు? అన్నం సరిగ్గా తింటావా? కూరలు ఏరి పక్కన పెడతావా?”

పక్క కుర్చీలోని టోర్నమెంటు కార్యదర్శి నవ్వాడు. “ఏంటమ్మా, వయసు తేల్చమంటే జాతకమంతా లాగుతున్నారు?”

“మాటల్లోనే దొరుకుతారండీ.”

“అంత తిప్పలెందుకు? మీ ఆసుపత్రిలోనే పుట్టాడుగా. అప్పటి రిజిస్టరు తెప్పిస్తే గంటలో తేలిపోతుంది.”

రిజిస్టరులో జనవరి మూడున ఆ కాన్పు ఉండదు. వీడు పుట్టింది డిసెంబరు ఇరవై తొమ్మిదిన, వార్డు దద్దరిల్లేలా ఏడుస్తూ. ఆ సంగతి ఆమెకు ఎవరూ చెప్పనక్కర్లేదు. ఒక్క మాట అంటే చాలు, వీడి ఆటా పోతుంది, వాళ్ళమ్మ చెప్పే పుట్టినరోజు కథా పోతుంది.

“ఆడనిస్తారా ఆంటీ? అమ్మ మొదటిసారి నా మ్యాచ్ చూడ్డానికొచ్చింది.”

కిటికీలోంచి స్టాండు కనిపిస్తోంది. ఒకావిడ ఒళ్ళో రెండు నీళ్ళ సీసాలు పెట్టుకుని ఇటే చూస్తోంది. ఆవిడను చూస్తే నర్సుకు అసూయ కలిగింది. ఆ కుర్చీలో ఒక్క పూట కూర్చోగలిగితే ఎంత బాగుండు అనిపించింది. ఆమె చూపు గమనించి, పెళ్ళీ పెటాకులూ లేని మనిషి, పిల్లలంటే ఆమాత్రం మమకారం ఉంటుందిలే అనుకున్నాడు కార్యదర్శి.

“రిజిస్టరు వద్దండీ. జనవరి మూడే. ఆ రోజు నేనక్కడే ఉన్నాను.”

“ఇన్నేళ్ళ నాటి కాన్పు గుర్తుందా? వేలల్లో చూసుంటారు.”

“కొన్ని గుర్తుండిపోతాయి.”

“భూతద్దం చెప్పాక ఇంక తిరుగులేదు,” అంటూ ఆయన ఫిర్యాదు కొట్టేశాడు.

ఆమె కాగితం మీద ముద్ర వేసింది. కుర్రవాడు “థాంక్స్ ఆంటీ” అని మైదానంలోకి పరుగెత్తాడు. ఒక్కసారి వెనక్కి తిరుగుతాడేమోనని ఆమె చూస్తూ నిలబడింది. తిరగలేదు.

“అయితే ఆ కాన్పులో మీరూ ఉన్నారన్నమాట,” అన్నాడు కార్యదర్శి.

ఆమె తలూపింది.

ఆ కాన్పు ఆమెదే.