అర సెకను

స్టేజీ మీద రెండు బల్లలు. బల్లకో అమ్మాయి, అమ్మాయి ముందొక చిన్న స్క్రీను. వాళ్ల వెనకాల జనం కోసం నాలుగు పెద్ద స్క్రీన్లు. అన్నింటికీ బొమ్మ పంపేది మాత్రం ఆపరేటర్ ముందున్న ఒకే ఒక్క కంప్యూటర్.

ప్రశ్న ఎవరూ చదివి వినిపించరు. స్క్రీన్ మీద చూసి ముందు ఎవరు బజర్ నొక్కితే వాళ్లదే అవకాశం. గెలిచిన పిల్లకు పెద్ద సైన్సు కాలేజీలో చదువంతా ఉచితం. ఓడిన పిల్లకు సర్టిఫికెట్టు.

“మీ అమ్మాయి ఫైనల్‌కి వచ్చిందని హాలంతటికీ తెలుసు,” అన్నాడు స్క్రీన్లు అద్దెకిచ్చిన యజమాని. “ఎవరూ వేలెత్తి చూపకుండా చూసుకో.”

“అలాగేనండీ,” అన్నాడు ఆపరేటర్.

పోటీ మొదలవడానికి ఇంకో పది నిమిషాలుందనగా కుడి బల్ల కేబుల్ చచ్చింది.

మారు కేబుల్ లేదు. పెట్టె అడుగున వైర్‌లెస్ డబ్బా ఒకటుంది. తగిలించి చూశాడు. బొమ్మ శుభ్రంగా వచ్చింది, కాకపోతే అర సెకను ఆలస్యంగా. చూసేవాళ్లకు అదొక లెక్కే కాదు. బజర్ మీద వేలు పెట్టుకుని కూర్చున్నవాళ్లకు కొంప ముంచేస్తుంది.

అటూ ఇటూ చూశాడు. ఎడమ బల్ల కింద ఉన్న మంచి కేబుల్ ఊడదీసి కుడి బల్లకు తగిలించాడు. డబ్బా ఎడమ బల్లకు పెట్టాడు. ఎవరికీ చెప్పలేదు. చెబితే తన పిల్ల పేరు మధ్యలోకి వస్తుంది.

మొదటి మూడు ప్రశ్నలూ కుడి బల్లకే. నాలుగోదానికి ఎడమ బల్ల పిల్ల ముందుకు వంగి, ప్రశ్న కనబడీ కనబడగానే నొక్కింది. అప్పటికే కుడి బల్ల లైటు వెలిగింది. ఆ పిల్ల తన వేలి వంక చూసుకుంది. ఆపరేటర్ తల తిప్పేసుకున్నాడు. చిన్నపిల్లకు చెయ్యాల్సిన పనేనా ఇది అని తనను తానే తిట్టుకున్నాడు.

“పాపం, ఎడమవైపు పిల్ల కాస్త నిదానం,” అంది ముందు వరుసలో ఒకావిడ.

అతనికి చెంప మీద కొట్టినట్టయింది. ఎవరు తనవైపు చూసినా గుమ్మడికాయల దొంగలా భుజాలు తడుముకుంటున్నాడు. లేచి ఆపమందామని ఐదో ప్రశ్నకు అనుకున్నాడు. తొమ్మిదో ప్రశ్నకూ అనుకున్నాడు. పదోదే ఆఖరిది.

కుడి పిల్ల తప్పు చెప్పినవన్నీ ఎడమ పిల్ల సరిగ్గానే చెప్పింది. అయినా రెండు పాయింట్లు తక్కువయ్యాయి.

చప్పట్లు, కప్పు, ఫొటోలు. యజమాని వచ్చి భుజం తట్టాడు.

“ఒక్క స్క్రీనూ ఆగలేదు. శభాష్.”

ఆ మెచ్చుకోలు వినలేక, వంగి కేబుళ్లు చుట్టడం మొదలుపెట్టాడు. తలెత్తేసరికి ఎదురుగా ఎడమ బల్ల పిల్ల, చేతిలో సర్టిఫికెట్టుతో. తెలిసిపోయిందనుకున్నాడు. అడిగితే ఉన్నదున్నట్టు చెప్పేద్దామనుకున్నాడు.

“నా వేలే మొద్దు, నీ స్క్రీన్లు మాత్రం భలే వచ్చాయి నాన్నా,” అంటూ ఆ పిల్ల కేబుల్ రెండో కొస అందుకుంది.